నూటయిరువది బంతుల కాలము

ఐదు దినముల ఆట మూడు గంటలకు కుదించుకొనిపోయినది; దానిని వెంబడించు అభిమానియు మాఱినాడు

క్రికెట్టు చరిత్రమును వ్రాసినవారు ఆటగాండ్రను గూర్చి వ్రాసిరి, సంఘములను గూర్చి వ్రాసిరి, గెలిచిన కప్పులను గూర్చియు, చెదరిన రికార్డులను గూర్చియు సంపుటములు నింపిరి. కాని యెండలో కట్టెబల్లలపై కూర్చుండి చూచినవానిని గూర్చియు, అర్ధరాత్రమున రేడియోకు చెవి యానించి దూరదేశపు వ్యాఖ్యానమును గరగరల నడుమ ఏరుకొని విన్నవానిని గూర్చియు, కిళ్ళీకొట్టు ముందఱి పలకపై సుద్దముక్కతో వ్రాసిన స్కోరును చదువుకొని సైకిలెక్కి సాగిపోయినవానిని గూర్చియు అంత శ్రద్ధతో వ్రాసినవారు అరుదు. ఐదు దినముల ఆట ఒక దినమునకును, ఒక దినపు ఆట మూడు గంటలకును దిగివచ్చిన యీ అరువదియేండ్ల కథ నిజమునకు ఆ అభిమానిదే. వాని తీరికను, వాని జీతమును, వాని సాయంకాలమును లెక్కించి చూచుకొనియే ఆట తన రూపమును మార్చుకొన్నది.

నాటి అభిమానికి ఓపిక సహజగుణము. రైలుపెట్టెలో ముక్కుమొగము ఎఱుగనివాడు ట్రాన్సిస్టరు పట్టుకొన్నవానిని "ఎంతయింది? ఎన్ని పోయాయి?" అని యడుగుటతో స్నేహము మొదలయ్యెడిది, జవాబు దొరకిన పిమ్మట గంటసేపు వానికి వేఱు సమాచారమక్కఱలేదు, ఏలయన ఆ గంటలో స్కోరు ముప్పది పరుగులకు మించి కదలుట అరుదని వానికి దెలియును. హైదరాబాదు ముద్దుబిడ్డ యెం.ఎల్. జయసింహ 1960 జనవరిలో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియాతో జరిగిన టెస్టున ఐదు దినములును ప్రతిదినము ఏదో యొక వేళ బ్యాటుతో క్రీజున నిలిచెను. ఆ సంవత్సరమే డిసెంబరులో కాన్పూరున పాకిస్తానుపై 99 పరుగులకు ఎనిమిది గంటలకు పైగా గైకొనెను. సొగసుకాడని పేరుపడిన బ్యాటరు, శతకమునకు ఒక్క పరుగు దూరమున అవుటగుచున్నప్పుడు, ఆ ఎనిమిది గంటలును వెంట నుండిన శ్రోత పొందిన వేదన యెట్టిదో నేటి యువకునికి చెప్పి యొప్పించుట కష్టము.

అంతమాత్రమున నాటి జనమునకు వేగము రుచింపలేదని తలంపరాదు. తెలుగు కుటుంబమున జన్మించి నాగపూరున పెరిగిన సి.కె. నాయుడు, 1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానమున ఎం.సి.సి. జట్టుపై రెండు గంటలలోపుగా 153 పరుగులు చేసి, అందు 11 సిక్సరులు కొట్టెను. ఆఱేండ్ల పిదప భారతదేశపు తొలి టెస్టు జట్టునకు నాయకుడై లార్డ్స్ మైదానమున అడుగిడిన యా మహనీయుని పేరు తాతలనోట మనుమలకు అందినది ఆ సిక్సరుల వలననే. కావున బంతి గగనమున కెగసినప్పుడు జనము లేచి నిలుచుట పొట్టి ఆటతో పుట్టిన అలవాటు కాదు. ఆ ముహూర్తము కొఱకు దినములకొలది వేచియుండుటయే నాటి నియమము, వేచియుండ నక్కఱలేకపోవుట నేటి నియమము.

ఇంగ్లండు కౌంటీలకు ప్రేక్షకులు తగ్గి, టిక్కెట్ల రాబడి క్షీణించిన దుర్దినములలో, 1963లో, ఒక్క దినమున ముగియు జిలెట్ కప్పు వెలసినది. జట్టుకు 65 ఓవర్లు. అంతర్జాతీయ రంగమున మాత్రము ఒకదినపు ఆట వర్షము వలన పుట్టినది. 1970–71 యాషెస్ పర్యటనలో మెల్బోర్న్ టెస్టు మొదటి మూడు దినములును వానపాలు కాగా, నష్టమును కొంతయైన పూడ్చుకొనుటకై నిర్వాహకులు 1971 జనవరి 5న ఎనిమిదేసి బంతుల ఓవర్లు నలువదేసి చొప్పున ఆడించిరి. సుమారు 46,000 మంది వచ్చిరి! వచ్చినవారిని చూచి నిర్వాహకులే విస్మయమొందిరి. ఆటలోని పెద్దలకు బోధపడుటకు మాత్రము ఇంకను కొంతకాలము పట్టినది. 1975లో తొలి ప్రపంచకప్పు తొలినాడు, లార్డ్స్‌లో, ఇంగ్లండు 60 ఓవర్లలో 334 పరుగులు చేయగా, మన సునీల్ గవాస్కర్ 174 బంతు లాడి 36 పరుగులతో అజేయుడుగా తిరిగివచ్చెను. అంతటి ధీమంతునికే ఆనాడు అంతుపట్టని యాట, టిక్కెట్టు కొని వచ్చిన సామాన్యునికి మెల్బోర్న్‌లోనే అర్థమైనది.

మనకు ఒకదినపు ఆట హృదయమున కెక్కినది 1983 జూన్ మాసమున. 25వ తేదీన లార్డ్స్‌లో 183 పరుగులకే కుప్పకూలిన జట్టు వెస్టిండీసును 140కి కట్టడి చేసిన వృత్తాంతము సర్వవిదితము. దానికి వారము ముందు టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వేపై 17 పరుగులకు ఐదు వికెట్లు పోయినవేళ కపిల్ దేవ్ నిలిచి చేసిన 175 మఱియు నద్భుతము; అయినను ఆనాడు బీబీసీ ఉద్యోగులు సమ్మెలో నుండుటచే దానిని కెమెరా చూడలేదు. చలనచిత్రముగా నెక్కడను లేని ఆ ఇన్నింగ్స్ నలువదేండ్లుగా కోట్లమంది మనస్సులలో నడచుచునే యున్నది. ఈనాడు ప్రతి బంతిని ముప్పది కెమెరాలు పట్టి, నిమిషములో చేతిలోని ఫోనునకు చేర్చుచున్నవి. మొన్నటి మ్యాచులో ఎవరెంత కొట్టిరో చెప్పుమన్న, గట్టి అభిమాని సైతము తడుముకొనుచున్నాడు. నాకు కలుగుచున్న చింతయంతయు ఇచ్చటనే యున్నది. ఆట పొట్టిదగుట వలన జ్ఞాపకము చెడలేదు. ఒక ఆటకును మరియొక ఆటకును నడుమ కాలము లేకపోవుట వలన చెడినది.

ఒకదినపు ఆట జ్ఞాపకము నెట్లు నిలిపెనో హైదరాబాదు వారికి చెప్పనక్కఱలేదు. 1987 అక్టోబరు 10న లాల్‌బహదూర్ స్టేడియమున ప్రపంచకప్పు పోటీ. మన జట్టు అందు లేదు. న్యూజీలాండు చేసిన 242 పరుగులను వెన్నాడుచు జింబాబ్వే వికెట్లు రాలిపోవుచుండగా డేవ్ హౌటన్ ఒక్కడే 142 పరుగులు చేసి, జట్టును గెలుపు గుమ్మమువఱకు తెచ్చెను. మూడు పరుగుల తేడాతో జింబాబ్వే యోడినది. ఇరువది రెండేండ్లకు, 2009 నవంబరు 5న, అదే నగరమున ఉప్పల్‌లో ఆస్ట్రేలియా 350 చేయగా సచిన్ టెండూల్కర్ 141 బంతులలో 175 పరుగులు చేసెను. భారతము ఓడినదియు సరిగా మూడు పరుగులతోనే. ఒక నగరము, ఇద్దఱు ఒంటరి వీరులు, అవే మూడు పరుగులు! ఈ రెండింటిని జతపఱచి చెప్పుకొను ముదుసళ్ళు నేటికిని ఆబిడ్స్‌లోను, సికిందరాబాదులోను కనబడుదురు. విశాఖపట్టణము వారు 2005 ఏప్రిల్‌లో జులపాల ధోనీ పాకిస్తానుపై చేసిన 148ని అట్లే చెప్పుకొందురు.

ఇరువది ఓవర్ల ఆటకు వర్షము కారణము కాదు. అది గణనచేసి సృష్టించినది. కౌంటీ మైదానములకు యువకులును, స్త్రీలును, బాలలును ఏల రాకున్నారని ఇంగ్లండు బోర్డు విచారణ చేయించగా, ఉద్యోగము ముగించుకొని వచ్చి, చీకటిపడిన కొంతసేపటికి ఇల్లు చేరుకొనదగిన ఆట కావలెనని జనము కోరిరి. బోర్డు వ్యాపారవిభాగమున పనిచేయు స్టూవర్ట్ రాబర్ట్‌సన్ ఆ కోరికకు రూపమిచ్చెను. కౌంటీల పెద్దలలో ఏడుగురు వ్యతిరేకింపగా పదునొకండుగురి యోట్లతో అది నెగ్గినది. 2003 జూన్ 13న తొలి పోటీలు జరిగినవి. ఇచ్చట నొక విషయము విస్మరింపరానిది. అంతర్జాతీయ స్థాయిన తొలి ఇరువది ఓవర్ల పోటీ 2004 ఆగస్టులో హోవ్‌లో ఇంగ్లండు, న్యూజీలాండు మహిళలాడినది. పురుషులు ఆక్లండులో ఆడినది 2005 ఫిబ్రవరిలో. మహిళల తొలి ప్రపంచకప్పు సైతము పురుషులకంటె రెండేండ్లు ముందుగా 1973లోనే జరిగినది. పొట్టి ఆట యీ రెండు మలుపులలోను ముందుగా అడుగిడినది స్త్రీలే. జనము చూచుట మాత్రము చాల ఆలసించినది.

మన బోర్డు ఆరంభమున దీనిని లక్ష్యపెట్టలేదు. 2007 ఇరువది ఓవర్ల ప్రపంచకప్పునకు బయలుదేరునాటికి భారత జట్టు ఆడిన అంతర్జాతీయ ఇరువది ఓవర్ల పోటీ ఒక్కటే. జోహన్నెస్‌బర్గ్‌లో సెప్టెంబరు 24న జోగీందర్ శర్మ బంతిని మిస్బా వెనుకకు ఎత్తగా శ్రీశాంత్ పట్టుకొనిన క్షణమున దేశమంతయు మాఱిపోయినది. ఏడు మాసములలోపున, 2008 ఏప్రిల్ 18న బెంగళూరులో మెకల్లమ్ 158 పరుగులతో ఐపీఎల్‌కు తెర తీసెను. హైదరాబాదు దక్కన్ చార్జర్స్ తొలి యేట అట్టడుగున నిలిచి, మలి యేట, సార్వత్రిక ఎన్నికల వలన దక్షిణాఫ్రికాకు తరలిన పోటీలో గిల్‌క్రిస్ట్ నాయకత్వమున కప్పు గెలిచినది. సన్‌రైజర్స్ దాని స్థానమున వచ్చి 2016లో వార్నర్ నాయకత్వమున మరల గెలిచినది.

పొట్టి ఆట అభిమానిలో తెచ్చిన మార్పులలో అన్నిటికంటె గొప్పది వేగము కాదని నా యభిప్రాయము. పూర్వము అభిమానము దేశపు సరిహద్దుల ననుసరించి యుండెడిది. పరదేశపు ఆటగాని మెచ్చుకొన్నను, వాడు పరాయివాడే. నేడు న్యూజీలాండు వాడైన విలియమ్సన్ తెలుగువారికి "కేన్ మామ". అఫ్గానిస్తాను బాలుడు రషీద్ ఖాన్ ఉప్పల్‌లో బంతి యందుకొన్నప్పుడు లేచిన కేక సొంతబిడ్డకు లేచినట్టిది. వార్నర్ తెలుగు పాటలకు కుటుంబముతో కలసి నర్తించి, తుదకు తెలుగు చలనచిత్రమున సైతము కనబడెను. 2023 నవంబరు 19న అహమ్మదాబాదులో ప్రపంచకప్పు అంతిమ పోరాటమున మనల నోడించినవి కమిన్స్ నాయకత్వమును, ట్రావిస్ హెడ్ చేసిన 137 పరుగులును. సరిగా నెలకు, డిసెంబరు 19న, వారిద్దఱిని హైదరాబాదు కొన్నది. కమిన్స్ వెల 20.50 కోట్ల రూపాయలు. మార్చి 27న ఉప్పల్‌లో ముంబయిపై 20 ఓవర్లలో 277 పరుగులు వచ్చిన రాత్రి హెడ్ కొట్టిన ప్రతి బంతికిని చప్పట్లు చఱచిన చేతులే నాలుగు మాసముల క్రిందట అతనిని చూచి తలలు పట్టుకొన్నవి. దీనిని చపలత్వమని కొందఱు నిందింతురు. నేనట్లు తలంపను. శత్రువును సమీపమునుండి చూచి, వానియందును మెచ్చదగిన మనుష్యుడు కలడని గ్రహించుట అభిమాని యెదిగినాడనుటకు గుర్తు.

ఆ యెదుగుదల యెంతటిదో 2024 డిసెంబరు 28న మెల్బోర్న్‌లో తేటపడినది. ఆస్ట్రేలియా చేసిన 474 పరుగులకు జవాబుగా 191కే ఆఱు వికెట్లు కోల్పోయి భారత జట్టు ఫాలోఆన్ ప్రమాదమున నుండగా, విశాఖపట్టణపు ఇరువదియొక్కయేండ్ల నితీశ్‌కుమార్ రెడ్డి క్రీజునకు వచ్చెను. ఆ యేటి వేసవిలో కమిన్స్ నాయకత్వముననే సన్‌రైజర్స్ తరఫున ఆడి పేరు తెచ్చుకొన్న బాలుడు. ఇప్పుడు ఎదుట బంతి పట్టినవాడు ఆ కమిన్స్. యాభై చేసినప్పుడు బ్యాటును గడ్డము క్రిందుగా ఒఱయించి "తగ్గేదేలే" యని సైగచేసినప్పుడు ఆ సైగ భావము ఆస్ట్రేలియావారిలో నెందఱికి తెలిసెనో కాని, విశాఖ బీచి రోడ్డునుండి ఆదిలాబాదు వఱకు తెలియనివారు లేరు. వాషింగ్టన్ సుందర్‌తో ఎనిమిదవ వికెట్టునకు 127 పరుగులు జోడించి తొంబదులకు చేరినాడు. సుందర్ అవుటైనాడు, నితీశ్ 99 మీద నుండగా కమిన్స్ బంతికి బుమ్రా అవుటైనాడు. మిగిలినవాడు సిరాజ్ ఒక్కడే, హైదరాబాదువాడు. ఆ ఓవరులో ఇంకను మూడు బంతులు కలవు. పదునొకండవ స్థానమున ఆడువాడు, లోకమున మేటి బౌలరులలో నొకడు విసరు మూడు బంతులను కాచుకొనవలెను. మొదటిదానిని కాచెను, రెండవదానిని కాచెను, మూడవదియు దాటిపోయినది. మెల్బోర్న్ జనము ఆ రక్షణకు శతకమునకు చేసినంత కోలాహలము చేసిరి. తరువాతి ఓవరులో బోలండ్ బంతిని నితీశ్ మిడాన్ మీదుగా బౌండరీకి పంపెను. ఉద్యోగమును వదలుకొని కుమారుని ఆటకే బ్రతుకు నంకితమిచ్చిన తండ్రి గ్యాలరీలో చేతులు జోడించి కన్నీరు కార్చుట లోకమంతయు చూచినది.

పొట్టి ఆట టెస్టును చంపుచున్నదని వాదించువారికి నా జవాబు ఆ మూడు బంతులే. ఇరువది ఓవర్ల ఆటలో బయటపడిన బాలుడు, అదే యాట చూచి క్రికెట్టునకు అలవాటుపడిన కన్నులయెదుట, ఐదు దినముల ఆటలో శతకము చేసినాడు. ఆ టెస్టునకు ఐదు దినములలో వచ్చినవారు 3,73,691 మంది, ఆ మైదానమున టెస్టుకింతమంది ఎన్నడును రాలేదు. అదే యేడు జనవరిలో ఉప్పల్‌లో ఇంగ్లండు 190 పరుగులు వెనుకబడిన పిదప ఓలీ పోప్ రివర్స్ స్వీపులతో మన స్పిన్నరులను చిందరవందర చేసి 196 పరుగులు చేసెను. పొట్టి ఆటలో పదునెక్కిన ఆ కొట్టు టెస్టును మలుపు త్రిప్పినది, మనము 28 పరుగులతో ఓడితిమి. ఓటమి బాధించినను, నాలుగు దినములు అంతటి యాటను చూచిన హైదరాబాదువారి భాగ్యము తక్కువది కాదు.

నా ఫిర్యాదు వేఱు. ఐపీఎల్ 2023 నుండి ఐదేండ్ల ప్రసారహక్కులకు 48,390 కోట్లు పలికిన యీ కాలమున, ప్రతి దేశమును తన లీగును తాను పెట్టుకొని, పండ్రెండు మాసములలో నొక వారమైన ఖాళీ యుంచకున్నది. ఆస్ట్రేలియా, కరీబియను దీవులు, పాకిస్తాను, దక్షిణాఫ్రికా, ఎమిరేట్లు, అమెరికా. ఇంగ్లండు వారిది నూఱు బంతులకు, మరియొకచోట పది ఓవర్లకు దిగినది. ఒక విందు జీర్ణము కాకముందే మరియొక విస్తరి వేసినట్లున్నది. దీని ఫలము ఆటగాండ్రపైనను పడుచున్నది. ట్రెంట్ బోల్ట్ 2022లో తన దేశపు బోర్డు ఒప్పందమును తానే కోరి వదలుకొనెను. నికొలస్ పూరన్ 2025లో ఇరువదితొమ్మిదవయేటనే అంతర్జాతీయ క్రికెట్టుకు వీడ్కోలు చెప్పెను. మన ఉప్పల్ ఆరాధించు క్లాసెన్ సైతము అదే యేట చెప్పెను. దక్షిణాఫ్రికా 2024లో తన ప్రధానాటగాండ్రను స్వదేశపు లీగునకు నిలుపుకొని, ఒక్క టెస్టైనను ఆడని నీల్ బ్రాండును నాయకునిగా చేసి న్యూజీలాండు పంపినది. అదే దేశము మరుసటి యేడు లార్డ్స్‌లో టెస్టు ఛాంపియన్‌షిప్పు గెలిచినది. అట్టి సామర్థ్యము గల జాతి అట్టి జట్టును పంపవలసివచ్చుట మఱింత విచారకరము. తొలి రెండు ప్రపంచకప్పులను గెలిచి లోకమును శాసించిన వెస్టిండీసు 2025 జులైలో కింగ్‌స్టన్‌లో టెస్టున 27 పరుగులకు ఆలౌటైనది. కారణము లనేకములుండవచ్చును, ఆ దీవుల మేటి కొట్టుగాండ్రు అనేకులు లీగులనుండి లీగులకు తిరుగుచుండుట వానిలో నొకటి.

మ్యాచు మ్యాచునకును నడుమ నిదానమున్నచో పొట్టి ఆట యెంత లోతుగా పాతుకొనునో చూడవలెనన్న, 2024 జూన్ 29న బార్బడోస్‌లో జరిగిన ఇరువది ఓవర్ల ప్రపంచకప్పు అంతిమ పోటీ చాలును. దక్షిణాఫ్రికాకు 30 బంతులలో 30 పరుగులు కావలెను, క్రీజున క్లాసెన్. తమ వానిని తామే భయపడుచు చూచిన తెలుగు అభిమాని స్థితిని వర్ణింప నలవికాదు! క్లాసెన్ పోయిన తరువాత బుమ్రా పరుగులను బిగించినాడు. చివరి ఓవరులో మిల్లర్ కొట్టిన బంతిని సూర్యకుమార్ సరిహద్దు తాడువద్ద పట్టి, కాలు గీత దాటబోవుచుండగా గాలిలోనికి విసరి, వెలుపలికి పోయి లోనికి వచ్చి మరల పట్టుకొనెను. పదునేడేండ్లు వేచియున్న జనమునకు అది దక్కినది కావుననే నేటికిని ఆ ఓవరును బంతి బంతిగా చెప్పగలరు.

స్త్రీల ఆటకు పొట్టి రూపము ప్రాణాధారమైనది. వారికి టెస్టులు ఏటికొకటి లభించుటయే గగనము. మిథాలీ రాజ్ సికిందరాబాదులో నాటిన మొక్కకు నేడు కడప జిల్లానుండి శ్రీచరణి, భద్రాచలమునుండి గొంగడి త్రిష కొమ్మలై వచ్చిరి. శ్రీచరణి 2025 జూన్‌లో నాటింగ్‌హామ్‌లో తొలి టీ20లోనే నాలుగు వికెట్లు తీసి, నవంబరు 2న నవీ ముంబయిలో ప్రపంచకప్పు ఎత్తిన జట్టులో నొకతెయై, ఆ పోటీలో 14 వికెట్లు గడించినది. ఆ పోటీలలో కొన్ని విశాఖలో జరుగగా బాలికలు తండ్రుల భుజములెక్కి చూచిరి. ఇట్టివారికి నూటయిరువది బంతుల ఆట తెఱచిన ద్వారమును మూయుమని ఎవ్వడు కోరగలడు?

ఇపుడు ఆ ఆట అమెరికాలో అడుగుపెట్టినది. డల్లాసు పరిసరమున తెలుగువారు విరివిగా నివసించు ప్రాంతమునకు చేరువనున్న గ్రాండ్ ప్రేరీ మైదానమున 2024 జూన్ 6న అమెరికా పాకిస్తానును సూపర్ ఓవరులో ఓడించినది. హైదరాబాదు పబ్లిక్ స్కూలులో క్రికెట్టాడి పెరిగిన సత్య నాదెళ్ల సియాటిల్ జట్టునకు పెట్టుబడిదారులలో నొకడు. 1900లో పారిస్‌లో ఒకే ఒక్క పోటీతో ముగిసిన ఒలింపిక్ క్రికెట్టు 2028లో లాస్ ఏంజిలిస్ సమీపమున పొమోనాలో ఇరువది ఓవర్ల రూపమున మరల ఆరంభము కానున్నది; పురుషులకు ఆఱు జట్లు, స్త్రీలకు ఆఱు జట్లు. పండ్రెండు దేశములు కూడ కాని ఆ చిన్న పోటీకి లోకమంతటి కన్నులును తిరుగవలెను. జులై మాసమున ఆ పోటీలు సాగుచున్నంతకాలము ఇంగ్లండున నూఱు బంతుల పోటీని గాని, అమెరికాలో లీగును గాని, మరియే దేశమున మరియే జట్టును గాని ఆడింపబోమని బోర్డులన్నియు ఇప్పుడే వ్రాతమూలమున ఒడంబడవలెనని నేను కోరుచున్నాను. అందుకు మన బోర్డే ముందుగా సంతకము చేయవలెను, ఏలయన లోకపు క్రికెట్టు క్యాలెండరును నేడు వ్రాయుచున్నది దాని కలమే.